సొరంగంలో మెట్రో ఆగిపోతే: కడప నుంచి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో మెట్రో లేదు. మన దగ్గర ఎవరైనా "సబ్‌వే" అంటే రైలు పట్టాల కింది అండర్ బ్రిడ్జే గుర్తొస్తుంది, వానొస్తే నీళ్ళు నిలిచేది. కానీ ఏ వీధిలో చూసినా చెన్నైలోనో బెంగళూరులోనో ఉండే పిల్లలు ఇంటికొకరు. ఆస్పత్రికని, ఇంటర్వ్యూకని, కూతురి కాన్పుకని పోయి వచ్చేవాళ్ళు సరేసరి. రైల్లో పోయి చెన్నై సెంట్రల్‌లో దిగినా, బస్సులో పోయి బెంగళూరు మెజెస్టిక్‌లో దిగినా, ఆటోతో బేరమాడేకంటే మెట్రో మేలనిపిస్తుంది. ఆ రెండు చోట్లా మెట్రో స్టేషన్ ఉండేది భూమి లోపలే.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్తాను. మెట్రో ఉద్యోగిని కాను. ఒకసారి మా అమ్మను ఆస్పత్రికి తీసుకుపోతూ సొరంగంలో ముప్పావు గంట ఇరుక్కుపోయాను. ఏ ఊరి మెట్రో అన్నది ఇక్కడ అనవసరం. ఆ సంగతి తెలిశాక చుట్టాలు, కాలనీవాళ్ళు, పిల్లల్ని పెద్ద ఊళ్ళకు పంపిన తల్లిదండ్రులు నన్ను అడిగిన ప్రశ్నలివి. అడిగిన వరుసలోనే పెట్టాను.

ఏ ఊళ్ళో మెట్రో భూమి లోపల పోతుంది? హైదరాబాద్‌లో కూడా ఉందా?

హైదరాబాద్‌లో లేదు. 2017 నవంబర్‌లో మొదలైన ఆ మెట్రోకున్న మూడు లైన్లూ పిల్లర్ల మీదే నడుస్తాయి. అక్కడ రైలు ఆగితే కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది, సగం భయం అక్కడే తగ్గుతుంది.

చెన్నైలో 2017 మే నుంచి సొరంగంలో రైళ్ళు తిరుగుతున్నాయి. సెంట్రల్, ఎగ్మోర్, హైకోర్టు, ఎల్ఐసీ, తేనాంపేట, సైదాపేట, అన్నానగర్ వైపు స్టేషన్లు అన్నీ లోపలే. బెంగళూరు మెట్రో 2011లో పిల్లర్ల మీద మొదలైంది, 2016 ఏప్రిల్ ఆఖర్లో సొరంగం తెరిచారు. విధాన సౌధ, మెజెస్టిక్, చిక్‌పేట, కె.ఆర్. మార్కెట్ భూమి లోపల స్టేషన్లు. మన దేశంలో అన్నిటికంటే పాతది కోల్‌కతా మెట్రో, 1984 నాటిది. అక్కడ 2024 నుంచి హుగ్లీ నది కిందుగా కూడా రైలు పోతోంది. ఢిల్లీ సంగతి సరేసరి, సగం ఊరు కింద తవ్వేశారు.

సొరంగం అంటే మనకు మరీ కొత్తేం కాదు. పాత కడప జిల్లా ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం పోయే లైన్లో ఆరున్నర కిలోమీటర్లు దాటిన రైలు సొరంగం ఉంది, 2019లో తెరిచారు. అయితే అందులో ఎక్కువగా తిరిగేది గూడ్సు బండ్లు. మనుషులు కిక్కిరిసి నిలబడే మెట్రో లెక్క వేరు.

రైలు మధ్యలో ఎందుకు ఆగుతుంది?

చాలాసార్లు కారణం ఒక్కటే: ముందు రైలు ఇంకా ప్లాట్‌ఫారం వదల్లేదు. ఎవరో తలుపు మధ్య బ్యాగు పెట్టి, వెనక వచ్చే స్నేహితుడి కోసం ఆపి ఉంటారు. ఒక్క తలుపు మూసుకోకపోతే ఆ రైలు కదలదు. ఆ రైలు కదలకపోతే వెనక రైలును సిగ్నల్ వ్యవస్థ తనంతట తానే ఆపేస్తుంది, డ్రైవర్ పోనిద్దామనుకున్నా పోనివ్వదు. ఇలాంటివి ఒకటి రెండు నిమిషాల్లో తేలిపోతాయి.

ఇక అసలైన బ్రేక్‌డౌన్లు. బ్రేకు పట్టేయడం ఒకటి. లారీ నడిపే వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు: గాలి ఉంటేనే బ్రేకు వదులుతుంది, గాలి పోతే పట్టేస్తుంది. మెట్రోలోనూ అంతే. ఏదైనా పాడైతే రైలు ఆగిపోయేట్టే తయారు చేస్తారు, అదుపు తప్పి పరిగెత్తేట్టు కాదు. కాబట్టి ఆగిపోవడం అంటే భద్రత ఏర్పాటు పనిచేసినట్టే చాలాసార్లు. సిగ్నల్ అందకపోవడం ఇంకొకటి. కరెంటు పోవడం మూడోది.

కరెంటు పోతే లోపలంతా చీకటేనా?

కాదు. మొత్తం చీకటి పడదు. బోగీల కింద బ్యాటరీలుంటాయి. పై కరెంటు పోగానే కొన్ని లైట్లు, మైకు, డ్రైవర్‌తో మాట్లాడే బటన్, గాలి తోసే చిన్న ఫ్యాన్లు బ్యాటరీ మీద నడుస్తాయి. చాలా మెట్రోల్లో వీటిని దాదాపు గంటసేపు నడిచేలా పెడతారు. ఏసీ మాత్రం ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ మీద ఫ్యాను, బల్బు నడుస్తాయి గానీ ఏసీ నడవదు కదా, అదే.

మా రైలు ఆగినప్పుడు నాకు మొదట తెలిసింది చీకటి కాదు, నిశ్శబ్దం. ఏసీ హోరు ఠక్కున ఆగింది. అప్పటిదాకా ఆ హోరు ఉందని కూడా గమనించలేదు. ఆ తర్వాత ఎవరి చేతిలోనో ప్లాస్టిక్ కవరు గరగరలాడటం బోగీ అవతలి కొసదాకా వినిపించింది. లైట్లు సగం ఆరి సగం ఉన్నాయి. మా అమ్మ నా చొక్కా పట్టుకుని, "ఏం నాయనా, ఊరొచ్చిందా?" అనింది.

మెట్రోకు ఒకే తీగ మీద కరెంటు రాదు. రెండు మూడు సబ్‌స్టేషన్ల నుంచి తీసుకుంటారు, ఒకటి పోతే ఇంకొకటి అందుకుంటుంది. ఊరంతా పోతేనే చిక్కు. 2012 జులై 31న ఉత్తర భారతం గ్రిడ్ కుప్పకూలినప్పుడు ఢిల్లీ మెట్రో కూడా ఆగింది. 2003 ఆగస్టు 14న న్యూయార్క్‌లో కరెంటు పోయినప్పుడు సుమారు 4 లక్షల మంది రైళ్ళలో చిక్కుకున్నారు. వాళ్ళను టార్చి లైట్లతో నడిపించి బయటికి తెచ్చారు.

గాలి అయిపోయి ఊపిరాడదేమో?

అందరూ అడిగేది ఇదే. అందుకే లెక్క వేసి చెప్తాను.

22 మీటర్ల పొడవున్న బోగీలో 300 మంది ఉన్నారనుకుందాం. ఊరికే నిలబడ్డ మనిషి గంటకు దాదాపు 15 లీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. ఆ బోగీని డబ్బాలా గాలి చొరకుండా మూసేసినా, గంట గడిచేసరికి లోపలి ఆక్సిజన్లో సుమారు ఐదో వంతు ఖర్చవుతుంది. అసలు మెట్రో బోగీ అలా మూసుకుపోదు. తలుపుల సందుల్లోంచి, పైకప్పు గాలి దారుల్లోంచి ఎంతో కొంత గాలి ఆడుతూనే ఉంటుంది. ఆక్సిజన్ కంటే ముందు ఇబ్బంది పెట్టేది మనం వదిలే కార్బన్ డయాక్సైడ్, తలనొప్పి, ఆయాసం దాంతోనే. దానికంటే ముందు పట్టుకునేది వేడి.

మనిషి ఒళ్ళు ఏ పనీ చేయకపోయినా 100 వాట్ల బల్బంత వేడిని వదులుతుంది. 300 మంది అంటే 30 కిలోవాట్లు. కిలోవాటు ఇస్త్రీపెట్టెలు ముప్పై బోగీలో ఆన్ చేసి పెట్టినట్టు. ఏసీ లేదు. పది నిమిషాల్లో చొక్కా వీపుకు అంటుకుపోతుంది. అప్పుడు "గాలి లేదు, గాలి లేదు" అని ఎవరో ఒకరు అరుస్తారు. గాలి ఉంటుంది, లేనిది చల్లదనం. భూమి లోపలే కానక్కర్లేదు, 2025 ఆగస్టు 19న ముంబయిలో మోనోరైలు గాల్లోనే, పిల్లర్ల మీదే ఆగిపోతే లోపలున్న 500 మందికి పైగా జనం ఉక్కతో అల్లాడిపోయారు. ఫైర్ సిబ్బంది నిచ్చెనలతో దింపారు.

బెలూం గుహల్లోకి దిగినవాళ్ళకు ఈ ఉక్క బాగా తెలుసు. లోపలికి పోయేకొద్దీ నుదుటిమీద చెమట కారుతుంటే "ఇక చాల్లే, వెనక్కి పోదాం" అనిపిస్తుంది. ఆ గుహల్లోకి బయటి గాలిని పంపే ఏర్పాటు ఉంది. తుమ్మలపల్లె యురేనియం గనిలాంటి చోట భూమి లోపల మనుషులు షిఫ్టులు షిఫ్టులుగా పనిచేసేది కూడా పెద్ద ఫ్యాన్ల బలం మీదే. మెట్రో సొరంగానికీ అంతే. ప్రతి స్టేషన్ రెండు కొసలా గది అంత పెద్ద ఫ్యాన్లుంటాయి. రైళ్ళు తిరుగుతున్నప్పుడు వాటితో పెద్ద పని లేదు, సైకిల్ పంపులో పిస్టన్ మాదిరి రైలే గాలిని ముందుకు తోస్తుంది. రైలు ఆగితే ఆ తోపు ఆగుతుంది. అప్పుడు కంట్రోల్ రూము వాళ్ళు ఫ్యాన్లు వేస్తారు.

మీరు చేయగలిగింది: మూట విప్పినట్టు కాస్త ఎడంగా నిలబడండి. కోటు, స్వెటర్ తీసేయండి. కింద కూర్చోగలిగితే కూర్చోండి. పరిగెత్తకండి, అరవకండి, రెండూ ఒంట్లో వేడిని పెంచేవే. మా అమ్మ ఆస్పత్రి ఫైలుతో తనకు విసురుకుంటూ పక్కనున్న చంటిబిడ్డకు కూడా విసిరింది. ఆ స్కానింగ్ రిపోర్టు అంతగా ఉపయోగపడింది ఆ రోజే.

ఎంతసేపు పట్టొచ్చు?

సిగ్నల్ వల్ల అయితే నిమిషాలు. రైలే పాడైతే డ్రైవర్ మొదట తన దగ్గరున్న స్విచ్చులతో సరిచేసి చూస్తాడు. కాకపోతే వెనక రైల్లోని జనాన్ని స్టేషన్లో దించేసి, ఆ ఖాళీ రైలును తెచ్చి మన రైలుకు తగిలించి తోసుకుపోతారు. ఇది అరగంట పైమాటే. మైకులో చెప్పకపోయినా వెనక నుంచి మెల్లగా ఒక కుదుపు తగిలిందంటే తగిలించారని అర్థం. అది కూడా కుదరదంటే నడిపిస్తారు.

తలుపు తెరుచుకుని మనమే దిగిపోతే పోలా?

వద్దు. పొగ లేనంతవరకు వద్దు.

మా బోగీలో ఇరవై నిమిషాలకు ఇదే గొడవ మొదలైంది. ఒకాయన తలుపు పైన ఎర్ర హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇద్దరు ఆయన్ను పట్టుకున్నారు. "లాగుతా" అని ఆయన, "లాగొద్దు" అని వీళ్ళు. తప్పు ఆయనదని నేననను. అంతసేపూ మైకులో "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే రికార్డు తప్ప, ఏం జరిగిందో, ఇంకెంతసేపో ఒక్క ముక్క చెప్పినవాళ్ళు లేరు. మనిషిని భయపెట్టేది ఆగిన రైలు కాదు, నోరు తెరవని మైకు. "మన రైలు పాడైంది, వెనక నుంచి ఇంకో రైలు వస్తోంది, పావుగంట పడుతుంది" అని డ్రైవర్ తన గొంతుతో చెప్పి ఉంటే ఆ చెయ్యి హ్యాండిల్ మీదకు పోయేది కాదు.

అయినా దిగకూడదు, ఎందుకంటే:

బెంగళూరు, కోల్‌కతాల్లో రైలుకు కరెంటు పైతీగ నుంచి రాదు. పట్టాల పక్కనే మూడో పట్టా ఉంటుంది, దాంట్లో 750 వోల్టుల డీసీ. చీకట్లో కాలు తగిలితే అంతే. చెన్నై, ఢిల్లీల్లో పైతీగలో 25,000 వోల్టులు. అది తలపైన ఉంటుంది కాబట్టి కాలికి తగలదు గానీ, ఆ వోల్టేజీ దగ్గర తాకనక్కర్లేదు, దగ్గరికి పోయినా దూకుతుంది. ఏ ఊళ్ళో ఏ పద్ధతో మనకు గుర్తుండదు. రైల్లో లైట్లు ఆరాయి కాబట్టి పట్టాల్లో కరెంటు లేదనుకోవడం పెద్ద పొరపాటు. మా స్టూడెంట్లకు మొదటి ఏడాదే చెప్పేది: ఫ్యూజు తీసి, లైను ఎర్త్ చేసి, రాసిచ్చేదాకా ఆ తీగ బతికే ఉన్నట్టు. మెట్రోవాళ్ళు జనాన్ని దించే ముందు చేసేది కూడా ఇదే, ఆలస్యంలో కొంత భాగం దానికే.

రెండోది, పక్క లైనులో రైళ్ళు తిరుగుతూ ఉండొచ్చు. మూడోది, మీరు దిగారని తెలిస్తే అందరికీ కరెంటు ఆపేయాలి. పది నిమిషాల్లో కదలాల్సిన మన రైలు గంట ఆగుతుంది, వెనకాల ఇంకో నాలుగు రైళ్ళు సొరంగంలో ఇరుక్కుంటాయి. పైగా అనుమతి లేకుండా మెట్రో పట్టాల మీద నడవడం 2002 నాటి మెట్రో చట్టం ప్రకారం నేరం.

హ్యాండిల్ బదులు తలుపు పక్కనుండే బటన్ నొక్కండి. డ్రైవర్‌తో నేరుగా మాట్లాడొచ్చు. ఒక్కరు నొక్కి, సూటిగా: "ఇన్నో నంబరు బోగీ. ఒకావిడ కళ్ళు తిరిగి పడింది." బోగీ నంబరు తలుపు పైనో పక్కనో రాసి ఉంటుంది. పదిమంది పది బటన్లు నొక్కితే డ్రైవర్‌కు ఎవరి మాటా వినపడదు.

పొగ వస్తే?

అప్పుడు లెక్క మారిపోతుంది. పైన చెప్పిన "దిగొద్దు" అన్న మాట పొగ లేనప్పటిదే.

2003 ఫిబ్రవరి 18న దక్షిణ కొరియాలోని డేగు నగరంలో ఒకడు మెట్రో రైల్లో నిప్పు పెట్టాడు. ఎదురు లైనులో ఇంకో రైలు అదే స్టేషన్లోకి వచ్చి ఆగింది. కరెంటు పోయి కదల్లేకపోయింది. లోపలే ఉండమని మైకులో చెప్పారు. తర్వాత డ్రైవర్ మాస్టర్ తాళం తీసుకుని పారిపోయాడు, తలుపులు మూసుకుపోయాయి. మొత్తం 192 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది నిప్పు పెట్టిన రైల్లోని వాళ్ళు కాదు, రెండో రైల్లో చెప్పినమాట విని కూర్చున్నవాళ్ళు. 1995 అక్టోబర్ 28న అజర్‌బైజాన్‌లోని బాకూ నగరంలో సొరంగం మధ్య రైలు కాలిపోయినప్పుడు దాదాపు 290 మంది పోయారు, చాలామందిని చంపింది మంట కాదు, పొగ. మన కోల్‌కతాలో 2018 డిసెంబర్ 27న రవీంద్ర సదన్ దాటాక రైల్లో పొగ నిండితే జనం అద్దాలు పగలగొట్టుకున్నారు. కొందరు ఆస్పత్రి పాలయ్యారు గానీ ఎవరి ప్రాణమూ పోలేదు.

కాబట్టి పొగ కనబడితే, కాలిన ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగిలితే, మొదట బటన్ నొక్కి చెప్పండి. వెంటనే పొగ లేని బోగీ వైపు నడవండి, చాలా మెట్రోల్లో బోగీలన్నీ లోపలి నుంచి కలిసే ఉంటాయి. వంగి నడవండి, పొగ పైకి తేలుతుంది, మోకాటి ఎత్తున గాలి కాస్త మేలు. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుంటే మసి ఆగుతుందేమో గానీ విషవాయువు ఆగదు, దాన్ని నమ్ముకుని నిలబడొద్దు. బోగీ అంతా నిండిపోతుంటే, ఏ సమాధానమూ రాకపోతే, ఎర్ర హ్యాండిల్ ఉన్నది ఆ క్షణం కోసమే. దాని మూత తీసి తిప్పడమో లాగడమో చేశాక తలుపు రెక్కల్ని చేత్తో పక్కకు తోయాలి. డేగులో చాలామందికి ఆ సంగతి తెలియలేదు. మెట్రో ఎక్కినప్పుడు ఫోను చూసే ముందు ఒక్కసారి ఆ హ్యాండిల్ పక్కన అంటించిన బొమ్మ చూడండి. పది సెకన్ల పని.

దిగాక ఎటు పోవాలి? గాలి మొహానికి తగిలేవైపు. పొగను ఒకవైపుకు తోసి, రెండోవైపు నుంచి మంచి గాలి వచ్చేలా ఫ్యాన్లు వేస్తారు. సిబ్బంది కనిపిస్తే వాళ్ళు చూపిన దారే దారి.

వానాకాలంలో సొరంగంలోకి నీళ్ళు వస్తాయా?

రాకుండా స్టేషన్ మెట్లు రోడ్డు కంటే ఎత్తులో కడతారు. గమనించండి, మెట్రోలోకి దిగే ముందు రెండు మూడు మెట్లు ఎక్కుతాం. ఆ మెట్లు అందుకే. లోపల పంపులుంటాయి. అయినా 2021 జులై 20న చైనాలోని జెంగ్‌జౌలో వరద సొరంగంలోకి దూరి రైలును ముంచింది, 14 మంది చనిపోయారు. కుండపోత వానలో రోడ్లు మునిగిన రోజు సొరంగం మెట్రో ఎక్కకపోవడమే తెలివి.

నిజానికి మన జనానికి మెట్రో కంటే మన రైల్వే అండర్ బ్రిడ్జిలే ఎక్కువ ప్రమాదం. 2021 అక్టోబర్‌లో తిరుపతిలో ఒక వాహనం అలాంటి చోట నీళ్ళలో చిక్కుకుని ఒక ప్రాణం పోయింది. నీళ్ళు నిలిచిన చోట లోతెంతో బండి హెడ్‌లైటు చెప్పదు.

సొరంగంలో నడిపిస్తే ఎలా ఉంటుంది?

2025 డిసెంబర్ 2 ఉదయం చెన్నై బ్లూ లైనులో సెంట్రల్, హైకోర్టు స్టేషన్ల మధ్య రైలు ఆగిపోయింది. జనం వరుసగా సొరంగంలో నడిచి హైకోర్టు స్టేషన్ చేరారు. సుమారు అర కిలోమీటరు. మన ఏడురోడ్ల కూడలి నుంచి మార్కెట్లోకి నడిచినంత.

మమ్మల్ని నడిపించలేదు, తోసుకుపోయారు. కాబట్టి ఇది నేను చదివి తెలుసుకున్నది. కొన్ని సొరంగాల్లో రైలు తలుపు ఎత్తున గోడ వెంట సన్నని నడకదారి ఉంటుంది. ఇంకొన్ని రైళ్ళకు డ్రైవర్ గది ముందు తలుపు తెరుచుకుని వాలుగా పట్టాల మీదకు దిగుతుంది. నడకదారిలో ఇద్దరు పక్కపక్కన పట్టరు. గోడవైపు చెయ్యి ఆనించి ఒకరి వెనక ఒకరు. జంట సొరంగాలైతే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అడ్డదారులుంటాయి, చాలా దేశాలు పాటించే అమెరికా ప్రమాణం ప్రకారం 244 మీటర్లకు మించకుండా ఒకటి.

సూట్‌కేసులు వదిలేయమంటే వదిలేయండి. మందుల సంచి, ఫోను, రిపోర్టులు చాలు. హై హీల్స్ తీసి చేత పట్టుకోవద్దు, కింద గరుకు కాంక్రీటు, పట్టాల బోల్టులు ఉంటాయి. ఊరికి పోయే రోజు కాలు జారిపోయే పాత స్లిప్పర్లు కాకుండా వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోమని మా అమ్మకు అప్పటి నుంచి చెప్తున్నా. వినదు.

మాకు తమిళం, కన్నడం రావు. మైకులో ఏం చెప్తున్నారో ఎలా తెలుస్తుంది?

ఇంగ్లీషులోనూ చెప్తారు. అదీ రాని పెద్దవాళ్ళకు కొన్ని మాటలు నేర్పి పంపండి, పరీక్షకేం కాదు, చెవిన పడితే పోల్చుకోవడానికి.

తలుపును తమిళంలో "కదవు" అంటారు, కన్నడంలో "బాగిలు", మన "వాకిలి"కి చుట్టమే. దిగొద్దు అనడానికి తమిళంలో "ఇరంగాదీంగ", కన్నడంలో "ఇళియబేడి". కాచుకోండి అంటే కన్నడంలో "కాయిరి", తమిళంలో "కాత్తిరుంగ". నిప్పు తమిళంలో "తీ", కన్నడంలో "బెంకి". అన్నిటికంటే ముఖ్యమైన మాటను మనం నేర్చుకోనక్కర్లేదు: మన "పొగ" కన్నడంలో "హొగె", తమిళంలో "పుగై". ఆ మాట వినబడితే లేచి నిలబడండి.

ఇంకో మాట. చెన్నై, బెంగళూరు మెట్రోల్లో ఏ బోగీలోనైనా తెలుగు వచ్చినవాళ్ళు కనీసం నలుగురుంటారు. "ఎవరికైనా తెలుగొచ్చా?" అని గట్టిగా అడగడానికి సిగ్గెందుకు?

షుగర్, బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు ఏం జాగ్రత్త పడాలి?

షుగర్‌కు ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ ఆస్పత్రికి పోయాక తిందాంలే అనుకుని మెట్రో ఎక్కేవాళ్ళు చాలామంది. అది తప్పు. చేతులు వణికి, చెమటలు పట్టి, మాట తడబడితే ఉక్క వల్ల అనుకోకండి, షుగర్ పడిపోయి ఉండొచ్చు. సంచిలో గ్లూకోజు పొడో, రెండు చాక్లెట్లో ఉండాలి. మెట్రోలో తినకూడదనే నిబంధన ప్రాణానికి అడ్డం కాదు. మా అమ్మ దగ్గర ఎప్పుడూ చెనక్కాయ ఉండలుంటాయి. ఆ రోజు వాటిలో నాలుగు, ఎర్ర హ్యాండిల్ పట్టుకున్నాయనతో సహా, నలుగురి చేతుల్లోకి పోయాయి. ఆ తర్వాత ఆయన కూర్చున్నాడు.

మెట్రో రైల్లో బాత్రూమ్ ఉండదు. పెద్దవాళ్ళు, పిల్లలు ఎక్కే ముందే స్టేషన్లో పని కానిచ్చుకోవాలి. గర్భిణులు అడగకుండానే సీటు పుట్టదు, అడగండి. కళ్ళు తిరిగి పడ్డవాళ్ళ చుట్టూ మూగకండి, పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టండి, స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి.

లోపల ఫోను పనిచేస్తుందా? పిల్ల ఫోను ఎత్తకపోతే ఇక్కడ మేమేం చేయాలి?

కొన్ని సొరంగాల్లో సిగ్నల్ ఉంటుంది, కొన్నిట్లో స్టేషన్లోనే ఉంటుంది. మీ నెట్‌వర్క్ అందకపోతే 112కు చేసి చూడండి, ఏ కంపెనీ సిగ్నల్ దొరికినా అది కలుస్తుంది. వీడియోలు తీస్తూ బ్యాటరీ కాల్చుకోవద్దు. టార్చికి కావాల్సి రావచ్చు.

ఇక్కడున్న తల్లిదండ్రులు చేయాల్సింది ఒక్కటే, ముప్పైసార్లు ఫోను చేయకండి. ఒక మెసేజ్ పెట్టండి. సిగ్నల్ తగలగానే అది చేరుతుంది. టీవీలో స్క్రోలింగ్ చూసి టెన్షన్ పడే బదులు ఆ ఊళ్ళో ఉండే ఇంకొకరికి చెప్పి ఉంచండి.

నాకు మూసిన గదులంటే భయం. ఎక్కొచ్చా?

ఎక్కొచ్చు. జనం కాస్త తక్కువున్న బోగీ చూసుకోండి. తలుపు దగ్గర నిలబడండి. భయం పట్టుకున్నప్పుడు లోపలికి పీల్చేదానికంటే బయటికి వదిలేది పొడుగ్గా ఉండేట్టు ఊపిరి తీయండి, నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. పక్కవాళ్ళకు చెప్పడం మందులాంటిది. నాకు భయంగా ఉంది అని ఒక కుర్రాడు మా అమ్మతో అంటే, "నాకూ భయమే లే నాయనా, దా కూర్చో" అని సీట్లో జరిగింది.

టికెట్ డబ్బులు తిరిగిస్తారా? ఎక్కువసేపు లోపలున్నందుకు ఫైన్ వేస్తారా?

గేటు తెరుచుకోకపోయినా, ఫైన్ చూపించినా గొడవ పడకుండా పక్కనుండే కస్టమర్ కేర్ కిటికీ దగ్గర రైలు ఆగిన సంగతి చెప్పండి. వాళ్ళ దగ్గర రికార్డు ఉంటుంది. డబ్బు వాపసు మెట్రోను బట్టి, రోజును బట్టి. మేము దిగిన రోజు గేట్లన్నీ తెరిచి ఊరికే వదిలేశారు, వాపసు అడిగే ఓపిక నాకు లేదు.

మీ అమ్మ మళ్ళీ మెట్రో ఎక్కిందా?

మూడు నెలల తర్వాత చెకప్‌కు పోయినప్పుడు ఆటో ఎక్కుదామన్నాను. ఆటోవాడు చెప్పిన రేటు విని, "ఆ దుడ్లకు కేజీ నెయ్యి వస్తాది, పా, కింద బండికే పోదాం" అనింది. ఎక్కగానే సీటు కోసం చూడలేదు. తలుపు పక్కన నిలబడి, ఎర్ర హ్యాండిల్ మీద బొమ్మ చూపించి, "ఇది ఎటు తిప్పాల నాయనా?" అని అడిగింది.